లేపినవాళ్ళే జోకొట్టాలి

ఒకానొక రాజ్యంలో రాజుగారి పేరు కన్నా బిరుదులు పొడుగు. పేరు ప్రచండసేనుడు. కొలువులో ఎవరు మొర చెప్పుకోవాలన్నా ముందు వందిమాగధులు ఆ బిరుదులన్నీ చదవాలి, ఆ తరువాత బూరలు ఊదాలి. అదంతా అయ్యేసరికి భోజనాల వేళయ్యేది. మొరలు మర్నాటికి వాయిదా పడేవి.

ఆ పట్నంలోనే నాంచారమ్మ అనే ఇల్లాలు చేగోడీలు చేసి ఇంటి అరుగు మీద అమ్మేది. మగడు ఉప్పుబండ్ల వెంట వెళితే నెలల తరబడి తిరిగిరాడు. ఇంట్లో నాలుగేళ్ళ సీతాలు, పాలు తాగే బుజ్జిగాడు. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతూ, చేతులతో చేగోడీలు చుట్టేది. అవి కొరికితే కరకర చప్పుడు వీధి చివరికి వినబడేదట. కాస్త అతిశయోక్తే అనుకోండి. ఆ ఇంట్లో ఒకటే కట్టడి: నిద్రపోతున్న పిల్లవాణ్ణి లేపినవాళ్ళే మళ్ళీ జోకొట్టాలి.

ఆమె బేరం చూసి బజారు అంగళ్ళవాళ్ళకు కడుపు మండింది. వెళ్ళి రాజుగారికి చాడీలు చెప్పారు. మర్నాడే ఆమె ఇంటి ముందు దండోరా మోగింది.

"వ్యాపారమంటే తపస్సు! ఇకపై అంగట్లో తప్ప ఇంట్లో ఎవరూ సరుకు అమ్మరాదు! అంగట్లోకి చంటిపిల్లలను తేరాదహో!"

డప్పు చప్పుడికి బుజ్జిగాడు కెవ్వుమన్నాడు. నాంచారమ్మ బయటికొచ్చి పిల్లవాణ్ణి దండోరావాడి చేతుల్లో పెట్టింది. "లేపింది నువ్వు నాయనా, నువ్వే జోకొట్టు." పాపం, వాడు డప్పు అరుగు మీద పెట్టి, బుజ్జిగాణ్ణి నిద్రపుచ్చాకే పక్క వీధికి కదిలాడు.

లోపలికి వచ్చాక మాత్రం ఆమె చేతులు పిండిలో ఆగిపోయాయి. అంగట్లో కూర్చుంటే పిల్లలను ఎవరు చూస్తారు? అమ్మడం మానేస్తే పొయ్యిలో పిల్లి లేవదు. కాసేపు ఏడ్చింది. ఏడిస్తే పిండి ఉప్పనవుతుంది తప్ప ఒరిగేదేమీ లేదనుకుని కళ్ళు తుడుచుకుంది. మూకుడూ, పిండిగిన్నే, పిల్లలనూ వెంటబెట్టుకుని కోటకు బయలుదేరింది.

ఆ రోజు మొదటి మొర ఆమెదే. బిరుదులూ బూరలూ అయ్యాక అది విని రాజు మీసం దువ్వాడు. "పిల్లలను పెట్టుకుని పని చేయడం ఎవరి తరమూ కాదు."

"తమ తరం కూడా కాదా మహాప్రభూ?"

సభ ఉలిక్కిపడింది. "మా తరం కానిదంటూ ఉందా?" అని గర్జించాడు రాజు.

"అయితే ఈ పిండి అంతా చేగోడీలయ్యేదాకా వీణ్ణి ఒళ్ళో ఉంచుకుని కొలువు నడపండి. తమవల్ల అయితే, ఇది అయ్యే పనేనని ఒప్పుకోండి. కాకపోతే, రాజుగారికే చేతకాని పని నేను రోజూ చేస్తున్నానని ఒప్పుకోండి."

మంత్రికి ముందు నుయ్యీ వెనుక గొయ్యీ కనబడ్డాయి. "ప్రభూ..." అంటూ నసిగాడు. కాని రాజు అప్పటికే చేతులు చాచాడు.

మండపం పక్కన పొయ్యి రాజేశారు. బుజ్జిగాడు రాజుగారి మీసం పీకాడు, ముత్యాలహారం చప్పరించాడు, ఆ మీదట రాచవారి బొజ్జ మీద తల వాల్చి నిద్రపోయాడు. సరిగ్గా అప్పుడే వందిమాగధుడు గొంతు సవరించుకున్నాడు.

"శ్రీమద్రాజాధిరాజ..."

"ష్!" అన్నది సీతాలు వేలు చూపిస్తూ. "తమ్ముణ్ణి లేపినవాళ్ళే జోకొట్టాలి!"

రాజు వందిమాగధుడి వంక గుడ్లురిమి చూశాడు. వాడు నోరు మూసుకున్నాడు. బూరలు కిందికి దిగాయి. జనం ఒక్కొక్కరే వచ్చి గుసగుసగా మొర చెప్పుకున్నారు, రాజు గుసగుసగా తీర్పు చెప్పాడు. కాలువ నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్న అన్నదమ్ములు, గుసగుసల్లో పోట్లాడుకోవడం కుదరక రాజీకొచ్చారు. ఆఖరి చేగోడీ మూకుట్లోంచి తీసేసరికి ముంగిట్లో ఒక్కరూ మిగల్లేదు.

"జనమంతా ఏరీ?" అన్నాడు రాజు మెల్లగా.

"అందరి మొరలూ తీరాయి ప్రభూ," అన్నాడు మంత్రి, తానే నమ్మలేక.

నాంచారమ్మ పళ్ళెంతో చేగోడీలు తెచ్చి ముందు పెట్టింది. "చంటివాడు ఒళ్ళో ఉండబట్టే కదా ఇవాళ తమ పని ఇంత చక్కగా సాగింది. అదే చంటివాడు నా దగ్గరుంటే నా పనికి అడ్డమంటారేమి ప్రభూ?"

రాజుగారికి నవ్వొచ్చింది. పిల్లవాడు లేస్తాడని పెదవి కొరుక్కుంటే బొజ్జ ఊగింది. ఆ ఊపుకి బుజ్జిగాడు ఇంకా గాఢంగా నిద్రపోయాడు.

"దండోరా రద్దు," అని గుసగుసలాడాడు రాజు. "ఇంటి వ్యాపారాల జోలికి ఇక ఎవరూ పోరాదు. కోటలో పండుగలన్నిటికీ చేగోడీలు ఈమె అరుగు నుంచే రావాలి." చెవి పోగులు తీసి సీతాలు చేతిలో పెట్టాడు. ఆ సంతోషంలో ఒళ్ళు మరిచి ఒక చేగోడీ అందుకుని కొరికాడు.

కరకర!

బుజ్జిగాడు కెవ్వుమన్నాడు. మంత్రి స్తంభం వంక చూశాడు, వందిమాగధులు నేల చూశారు. నాంచారమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

రాజు నిట్టూర్చి లేచాడు. ఒక్క జోలపాటైనా రాదాయె. అందుకని తన బిరుదులనే రాగం తీసి పాడుతూ సింహాసనం చుట్టూ తిరిగాడు.

మూడో బిరుదుకే పిల్లవాడు నిద్రపోయాడు.