పూడిక తీసిన బావి

వెంగళప్పకు కంటి మీద కునుకు లేదు. సోనరేవుకు సుంకాధికారిగా వచ్చి ఏడాది దాటింది. పరదేశి ఓడలు దూరం నుంచే తెరచాపలు చూపించి వెళ్ళిపోతున్నాయి.

ఊరి చివర తకియా మఠంలో ఉండే ఫకీరు ఖలీల్ షా అతని గురువు. ఒక సాయంత్రం వెళ్ళి ఆయన ముందు కూలబడ్డాడు.

"సుంకం సగానికి తగ్గించాను బాబా. మామూళ్ళు మేసినవాళ్ళను ఒక్కణ్ణి కూడా ఉంచకుండా పంపేశాను. గిడ్డంగులు కట్టుకోండి, భూమి ఉచితం అని వర్తకులకు కబురంపాను. ఒక్కడంటే ఒక్కడు రాడే! మగ్గాలు మూలపడ్డాయి. ఓడలు రాకపోతే నేతగాళ్ళంతా ఊరొదిలి పోతారు."

ఏం చెప్పను! వెంగళప్ప రాకముందు ఆ రేవు తీరే వేరు. మామూలు ముట్టేదాకా పడవవాళ్ళు పట్టు మూటలను అలల్లోనే నిలబెట్టి తడిపేవారు. కాపలావాడి నుంచి అధికారి దాకా అందరిదీ అదే తంతు. గిడ్డంగి కట్టాలని వచ్చిన మస్కట్ వర్తకుడొకడు పునాదిరాళ్ళు కూడా వదిలేసి పోయాడు. ఆ రాళ్ళు ఇంకా ఒడ్డునే ఉన్నాయి.

బాబా లేచి తకియా ముందున్న బావిలో నీళ్ళు తోడారు. ముంత నింపి వెంగళప్ప చేతిలో పెట్టారు.

"ఎండన పడి వచ్చావు. తాగు నాయనా."

దారిన పోయేవాళ్ళంతా ఒకప్పుడు దాహం తీర్చుకున్న బావి అది. పోయిన ఏడు బాబా యాత్రకు వెళ్ళినప్పుడు అందులో కుక్క పడి చచ్చింది. నువ్వు తియ్యి, నువ్వు తియ్యి అనుకుంటూ ఎవరూ తీయలేదు. చివరికి వెంగళప్పే దగ్గరుండి నీళ్ళన్నీ తోడించాడు, పూడిక తీయించాడు, సున్నం వేయించాడు. ఇప్పుడు నీళ్ళు తేటగా ఉన్నాయి.

ముంత పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

"శుభ్రం చేయించింది నువ్వేగా?"

"నేనే బాబా."

"మరి?"

వెంగళప్ప తల దించుకున్నాడు. "తెలుసు బాబా. కానీ గొంతు దిగేట్టు లేదు."

బాబా ముంత అందుకుని గటగటా తాగేశారు.

"రోజూ నలుగురికీ కనబడేట్టు ఇక్కడే నిలబడి తాగుతున్నాను. నిన్న గాజుల మలారం మోసుకెళ్ళే ఆమె ఒకతె ఆగి చూసింది. తాగలేదులే. చూసి వెళ్ళింది."

"వర్తకులు అలా చూసి చూసి వచ్చేదాకా నేతగాళ్ళు ఆగలేరు బాబా!"

"ఆగలేరు." బాబా కళ్ళు చెమర్చాయి. "కుక్క కుళ్ళుతున్నప్పుడు అనుకోవాల్సిన మాట నాయనా అది."

వెంగళప్ప లేచాడు. చేద తీసుకుని తానే నీళ్ళు తోడుకున్నాడు. దారి వైపు తిరిగి నిలబడి, కళ్ళు మూసుకోకుండా తాగాడు.

అప్పుడే మగ్గం విప్పి వేసుకున్న నేతగాళ్ళ బండి ఒకటి ఊరు దాటుతోంది. సామాను మీద కూర్చున్న ముసలామె అతన్ని చూసింది. మెడ తిప్పి మరీ చూసింది.

బండి మాత్రం ఆగలేదు.