గంప లెక్కకు అందని పని

కొత్తరేవు దగ్గర సముద్రపు ఒడ్డున ఉప్పుమడులు కౌలుకు తీసుకున్న సింగరయ్యకు, కూలివాళ్ళు తన కళ్ళెదుట చెమటోడుస్తూ కనిపిస్తే తప్ప పని జరుగుతున్నట్టు అనిపించేది కాదు. మనిషి చెడ్డవాడు కాదు. కూలి ఏనాడూ ఎగ్గొట్టలేదు. కానీ ఎవరైనా కాసేపు నడుం వాలిస్తే చాలు, ఎవరో తన జేబు కొట్టేసినట్టు గిలగిల్లాడిపోయేవాడు.

ఉప్పు పని ఎండలున్నన్నాళ్ళే. వానలు మొదలైతే ఆ ఏటికి మూత పడ్డట్టే. అందుకే వేసవి అంతా సింగరయ్య గట్టు మీద గొడుగేసుకుని కాపలా కాసేవాడు.

అతనికి ఒళ్ళు మండించే పని ఒకటుండేది. మడిలోకి ఉప్పునీళ్ళు పెట్టే ముందు కూలీలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, వరసగా అడుగులు వేస్తూ మట్టిని తొక్కేవాళ్ళు. తొక్కుతున్నంతసేపూ కబుర్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

"ఇది పనా, తిరునాళ్ళా?" అన్నాడు ఒకరోజు సింగరయ్య.

"మట్టి గట్టిపడాల గదా ఆసామీ," అన్నాడు మేస్త్రీ మాలకొండయ్య. "నోరు మూసుకుని తొక్కితే పొద్దు గడవదు."

ఆ జవాబు సింగరయ్యకు నచ్చలేదు. మర్నాడు పొద్దున్నే అందరినీ పిలిచి, "ఇక రోజుకూలి లేదు. ఎవరు ఎన్ని గంపల ఉప్పు తెచ్చి కుప్పలో పోస్తే అన్ని గంపలకే కూలి," అన్నాడు. మాలకొండయ్య ఏదో చెప్పబోయి, ఆసామి మొహం చూసి ఊరుకున్నాడు.

చెప్పొద్దూ, పని ఉరకలెత్తింది. కబుర్లు ఆగిపోయాయి. ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ గంపలెత్తారు. పాత కుప్ప పక్కనే కొత్త కుప్ప లేచింది. సింగరయ్య ఇంటికెళ్ళి భార్య వెంకాయమ్మతో, "ఇన్నేళ్ళూ నన్నెంత వెర్రివాణ్ణి చేశారో చూశావా," అన్నాడు.

"అందరూ గంపల వెంటే పడితే మిగతా పనులు ఎవరు చూస్తున్నారండీ?" అని అడిగింది ఆవిడ.

"మిగతా పనులేమున్నాయి?" అంటూ హాయిగా అన్నం కలుపుకున్నాడు సింగరయ్య. పాపం, నిజంగానే అతనికి తెలియదు.

కొన్నాళ్ళకు పట్నం నుంచి ఉప్పు కొనే వ్యాపారి వచ్చాడు. కొత్త కుప్పలోంచి గుప్పెడు తీసి అరచేతిలో నలిపాడు. చెయ్యంతా బురదైంది.

"మడులు తొక్కించలేదా ఈసారి? తొక్కని మడిలో ఉప్పుకు బురద అంటుకుంటుంది. ఈ మట్టి ఉప్పు నాకొద్దు. ఆ పాత కుప్ప తెల్లగా ఉంది, అది తీసుకుంటా. ఎల్లుండి లారీలు పంపిస్తా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

సింగరయ్యకు కౌలు కట్టాలన్నా, కూలీలకు ఇవ్వాలన్నా ఇక ఆ పాత కుప్పే దిక్కు. అది పోతే మడులు వదులుకోవాల్సిందే.

మర్నాడు కూలీలు ఇళ్ళకు వెళ్ళాక సముద్రం మీద నల్లగా మబ్బు పట్టింది. అకాలపు వాన. సింగరయ్య పరుగున వచ్చి చూస్తే పాత కుప్ప మీద ఒక్క తాటాకు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. రోజూ ఇళ్ళకు వెళ్ళబోయే ముందు కూలీలే, ఎవరూ చెప్పకుండానే, కుప్పను తాటాకులతో కప్పి వెళ్ళేవాళ్ళు. గంప లెక్క వచ్చాక ఆ పనికి కూలి లేదు, కాబట్టి మానేశారు. మానేసిన సంగతి రోజంతా అక్కడే నిలబడ్డ సింగరయ్యకే తెలియలేదు.

ఒక్కడే తాటాకులు లాగడం మొదలుపెట్టాడు. ఒకటి పరిస్తే గాలికి రెండు ఎగిరిపోయాయి. కూలీలను పిలుద్దామంటే నోరు రాలేదు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు?

అంతలో గట్టు మీద మనుషులు కనిపించారు. ముందు మాలకొండయ్య, వెనక అతని కోడలు అంకమ్మ, వాళ్ళ వెనక కూలీలందరూ. మగవాళ్ళు కుప్ప ఎక్కారు. ఆడవాళ్ళు ఆకులు అందించి, కుప్ప చుట్టూ మట్టికట్ట వేశారు. చివరి తాడు బిగిస్తుండగా వాన విరుచుకుపడింది.

తడిసి ముద్దయిన సింగరయ్య మాలకొండయ్య చెయ్యి పట్టుకున్నాడు. "నేను పిలవలేదు గదా, ఎందుకొచ్చారు?"

"మేం చేసిన ఉప్పు కరిగిపోతా ఉంటే ఇంట్లో ఎట్టా కూర్చుంటాం ఆసామీ?" అన్నాడు మాలకొండయ్య.

అంకమ్మ కొంగు పిండుకుంటూ, "ఈ పనికి ఎన్ని గంపల కూలి కట్టిస్తావో చూస్తాం," అంది. అందరూ నవ్వారు. సింగరయ్య కూడా నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా తన ఇంట పొయ్యి వెలుగుతున్నది వీళ్ళ చలవేనని అతనికి అప్పుడు తెలిసింది. అంత కృతజ్ఞత అతనికి ఎన్నడూ ఎవరి పట్లా కలగలేదు.

లారీలు ఉప్పు తీసుకెళ్ళాక అతను కూలీలందరినీ కూర్చోబెట్టాడు. "తప్పు నాది. మళ్ళీ రోజుకూలే ఇస్తాను. ఎక్కువ కష్టపడ్డవాళ్ళకు పైన ఇంకొంత. వానలకు పని ఆగేనాటికి మిగిలిన లాభంలో అందరికీ వాటా. ఎప్పుడు ఏ పని చెయ్యాలో మాలకొండయ్య చెబుతాడు," అన్నాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు కూడా.

మోసిన గంపలకు కూలి లెక్క కట్టవచ్చు గానీ, పనివాళ్ళ శ్రద్ధను ఏ గంపతోనూ కొలవలేం. ఆ శ్రద్ధను గుర్తించి, నమ్మకంతో, కృతజ్ఞతతో కూలి ఇచ్చే యజమానే నాలుగు కాలాలు నిలుస్తాడు.