అలల కత్తికి కాపలా

అనగనగా, ఓడకు తెరచాప తప్ప వేరే బలం లేని కాలంలో, తూర్పు తీరాన నీలిరేవు అనే ఊరు ఉండేది. ఆ ఊళ్లో సోమినాయుడు అనే ఓడల యజమాని ఉండేవాడు.

అతనికి ఒకటే పిచ్చి. కడలికి ఆవల దూరపు దీవుల్లో మోరోలనే వీరులు ఉండేవారు. వాళ్ల పాతకాలపు కత్తులంటే సోమినాయుడు పడి చచ్చేవాడు. ఓడ అటు వెళ్లినప్పుడల్లా ఇక్కడి అద్దకం బట్టలు ఇచ్చి, అక్కడి తాతల నాటి కత్తులు తెచ్చుకునేవాడు. కొన్ని ఆకులా వెడల్పుగా ఉండేవి. కొన్ని పాములా వంకర్లు తిరిగి ఉండేవి. రకరకాల ఉక్కును పొరల మీద పొరలుగా పేర్చి, కాల్చి, మడిచి, సాగగొట్టి చేసిన కత్తులవి. లోపలి పొరలు పైకి గీతలై కనబడేవి.

వాటన్నిటిలో అతనికి ప్రాణం అలల కత్తి. దాని పిడి చివర చిలుక తల చెక్కి ఉంటుంది. అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే చారల్లాగా, పిడి నుంచి మొన దాకా అలుగు నిండా నల్లని తెల్లని గీతలు.

ఆ కత్తి వచ్చిన వైనం వేరు. ఓసారి తుఫానులో ఒక మోరో కుర్రవాడు సముద్రంలో పడిపోతే, సోమినాయుడికి వరసకు బావమరిది, అతని ఓడకు చుక్కాని పట్టే దాలయ్య దూకి బయటికి లాగాడు. ఆ కుర్రవాడి అన్న కలూన్ తన ముత్తాత కత్తి తెచ్చి దాలయ్య చేతిలో పెట్టాడు. దాలయ్య దాన్ని అటునుంచి అటే సోమినాయుడికి ఇచ్చేశాడు.

"నాకెందుకు బావా? నీ కత్తుల గదిలో ఉంటే నాలుగు కాలాలు ఉంటుంది" అన్నాడు.

కలూన్ నవ్వి, "కొబ్బరినూనె రాయండి. ఏడాదికోసారి, పండగనాడు, నిమ్మరసం పట్టించి కడిగి ఆరబెట్టండి. మిగతా రోజుల్లో దాని మానాన దాన్ని వదిలేయండి" అని చెప్పాడు.

అతను అటు వెళ్లగానే సోమినాయుడు కళ్లు చిన్నవి చేశాడు. "విన్నావా దాలయ్యా? ఇనుముకు పులుపు పూయమంటున్నాడు! తుప్పు పట్టించే ఎత్తు కాదూ?"

"ముత్తాత కత్తిని ఊరికే ఇచ్చినవాడికి ఎత్తులెందుకు బావా?"

"ఊరికే ఇచ్చాడు కనుకనే అనుమానం. నిమ్మరసం మాత్రం దాని దరి చేరనివ్వను."

ఏళ్లు గడిచాయి. దాలయ్య చుక్కాని వదిలి, కత్తుల గదికి కాపలా మనిషయ్యాడు. ఆ గదికి రెండు తాళపుచెవులు. ఒకటి సోమినాయుడి మొలతాడుకు, ఒకటి దాలయ్య మొలతాడుకు.

కత్తులు పెరిగినకొద్దీ సోమినాయుడికి నిద్ర తగ్గింది. 'ఎవడైనా నకిలీది పెట్టి అసలుది పట్టుకుపోతే?' అందుకని రోజూ పొద్దున్నే అలల కత్తి దూసేవాడు. పొడిగుడ్డ మీద చిటికెడు ఇటుకపొడి వేసి రుద్దేవాడు. నకిలీ కత్తి మీద పూసిన రంగైతే ఊడొస్తుంది కదా అని అతని లెక్క. గీతలు ఊడేవి కావు. హమ్మయ్య అనుకుని ఒరలో పెట్టేవాడు. మర్నాడు మళ్లీ రుద్దేవాడు.

ఒక వానాకాలం చూస్తే గీతలు పలచబడ్డట్టు అనిపించింది.

ముందు నూనె అమ్మే నీలమ్మను పిలిపించాడు. "నూనెలో ఏం కలిపావే?"

"ఈ నూనే మీ ఆవిడ తలకు రాసుకుంటోంది నాయుడుగారూ. జుట్టేమైనా ఊడిందేమో చూడండి!"

"నోరు మూసుకో. ఇక ఈ గడప తొక్కకు."

నీలమ్మ వెళ్లిపోయింది. గీతలు ఇంకా పలచబడ్డాయి.

తర్వాత, ఆ మధ్య కొత్త ఒర చేసిన వడ్రంగి బంగారయ్యను పిలిపించాడు. "ఒర పేరు చెప్పి కత్తి కొలతలు తీసుకున్నావు. ఆ కొలతలతో నకిలీ కత్తి ఎవరిచేత చేయించావు?"

"కొలవకుండా ఒర ఎలా చేస్తారండీ? మీ కాలు చూడకుండా చెప్పులు కుట్టమన్నట్టుంది!"

అతన్నీ తరిమేశాడు. ఇక పొద్దునా సాయంత్రమూ రుద్ది చూడసాగాడు.

ఒకనాడు గీతలే లేవు. అలుగు అద్దంలా మెరుస్తోంది. అందులో తన ముఖం తప్ప ఏమీ కనబడలేదు.

సోమినాయుడు కత్తిని కింద పెట్టేశాడు. 'అసలుది పోయింది. నకిలీది పెట్టారు. మిగతావాటి కోసం దొంగ మళ్లీ వస్తాడు' అనుకున్నాడు. గది గుమ్మం ముందు బియ్యప్పిండి పలచగా చల్లి, భోజనం చేసి కునుకు తీశాడు. లేచి చూస్తే పిండిలో అడుగులు!

భార్యను కేకేశాడు. "అచ్చియ్యమ్మా! ఇవిగో దొంగ అడుగులు!"

అచ్చియ్యమ్మ వంగి చూసింది. "బొటనవేలు పక్కకు తిరిగిన ఈ పాదం నాకు తెలియదా? పెళ్లయిన నాటి నుంచీ కాళ్లకు నీళ్లిస్తున్నాను. ఇది మీదే. నిద్రకళ్లతో మళ్లీ రుద్దడానికి వెళ్లి వచ్చారు."

"నా అడుగులేనా?"

"మీవే. ఇంకెవరివీ లేవు."

సోమినాయుడు గడ్డం నిమురుకున్నాడు. "అడుగే పడలేదంటే దొంగ ఎంత గడుసువాడో! ఈ గదిలో ప్రతి మూలా తెలిసినవాడే అయ్యుండాలి."

అలా అనుమానం దాలయ్య దగ్గరికి వచ్చి ఆగింది.

"రెండో తాళపుచెవి నీ దగ్గరే ఉంది. నిజం చెప్పు" అన్నాడు సోమినాయుడు.

"చెబితే నమ్ముతావా బావా?"

"నమ్మను."

"మరి అడగడం ఎందుకు?" దాలయ్య తాళపుచెవి విప్పి గడప మీద పెట్టి వెళ్లిపోయాడు.

నీలిరేవులో ఒక కట్టుబాటు ఉంది. కాపలా ఉన్న సొమ్మును కాజేసినవాడు ఆ రేవులో ఏ పడవా ఎక్కకూడదు. ఊరు విడిచి పోవాలి. దాలయ్య పుట్టిందే పడవ మీద. తలనెరిసిన ఈ వయసులో ఎక్కడికి పోతాడు?

చావడిలో పెద్దలు కూర్చున్నారు. సోమినాయుడు కత్తి చూపించి నేరం చెప్పాడు. రేవుపెద్ద దాలయ్య వైపు తిరిగాడు. "ఏమంటావయ్యా?"

"ఒక నిమ్మకాయ ఇప్పించండి."

"చూశారా!" అని లేచాడు సోమినాయుడు. "నకిలీదని తేలకుండా దీన్ని కూడా తుప్పు పట్టిస్తాడట!"

అప్పుడు అచ్చియ్యమ్మ ఇత్తడి చెంబు పట్టుకుని ముందుకు వచ్చింది. "అయ్యా, మా అమ్మ తన పేరు చెక్కించి ఈ చెంబు నాకిచ్చింది. రోజూ ఇటుకపొడితో తోమాను. ఇప్పుడు పేరు లేదు. ఏ దొంగ ఎత్తుకుపోయినట్టు?" మొగుడి వైపు తిరిగింది. "ఆ కత్తిని మీరు రోజూ ఏం చేస్తున్నారో మీరే చెప్పండి."

"పరీక్షిస్తున్నాను" అన్నాడు సోమినాయుడు గొణుగుతూ.

"దేనితో?"

"ఏదో... చిటికెడు ఇటుకపొడితో."

చావడి అంతా గొల్లున నవ్వింది. రేవుపెద్ద మాత్రం నవ్వలేదు. "చెంబు మీది పేరు పోయింది. కత్తి మీది గీతలూ పోయినట్టేనా దాలయ్యా?"

"చెంబు మీది పేరు పైన చెక్కింది. ఇది లోపల మడిచింది అయ్యా. ఎక్కడికీ పోదు. పులుపు తగిలితే పైకి తేలుతుంది."

"అయితే రసం నువ్వే పిండు నాయుడూ. ఇంకొకరు పిండితే నువ్వు నమ్మవు."

సోమినాయుడు నిమ్మకాయను వాసన చూశాడు. కోయించి ముక్కలు తిప్పి తిప్పి చూశాడు. చివరికి అలుగు మీద పిండాడు. కాసేపు ఏమీ కాలేదు. అంతలో పిడి దగ్గర సన్నని నలుపు పాకింది. దాని పక్కన తెలుపు. గీత వెంట గీత, పోటెక్కినట్టు మొన దాకా వచ్చాయి. అదే కత్తి. అవే అలలు.

సోమినాయుడు తల దించుకున్నాడు. మొలలోంచి రెండో తాళపుచెవి తీశాడు. "తీసుకోరా దాలయ్యా. తప్పయిపోయింది."

దాలయ్య చెయ్యి చాపలేదు. "కత్తికి నిమ్మకాయ సరిపోయింది బావా. నాకేం పూస్తావు?" అని రేవు వైపు నడిచిపోయాడు.

ఆనాడే సోమినాయుడు ఇటుకపొడి డబ్బా సముద్రంలో విసిరేశాడు. నీలమ్మ గుమ్మానికీ, బంగారయ్య గుమ్మానికీ వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. గది తాళం ఊడబీకాడు. రోజూ సాయంత్రం రేవుకు వెళ్లి, వల బాగుచేసుకునే దాలయ్య పక్కన కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఏమీ అడగకుండా కూర్చోవడం అతనికి ఎంత కష్టమో అతనికే తెలుసు.

ఏడాది తిరిగి పండగ వచ్చింది. దాలయ్య పంచె కొంగున రెండు నిమ్మకాయలు ముడివేసుకుని ఆ ఇంటికి వచ్చాడు. గది తలుపు చూసి ఆగాడు.

"తాళమేది బావా?"

"తీసేశాను."

"దొంగలొస్తేనో?"

సోమినాయుడి నోటి దాకా ఏదో వచ్చింది. దాన్ని మింగేశాడు. అలల కత్తిని ఒరతో సహా దాలయ్య చేతుల్లో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా గది బయటికి నడిచాడు. వేరొకరి చేతిలో ఆ కత్తి ఉండగా అతను గది దాటడం అదే మొదటిసారి.

కాసేపటికి లోపలి నుంచి దాలయ్య గొంతు వినబడింది. "నూనె సరిగ్గా రాయలేదు బావా, ఒళ్లు బద్ధకమా?"

బయట సోమినాయుడి కళ్లు తడిశాయి.

నమ్మకాన్ని రోజూ రుద్ది చూసేవాడు, దాన్ని తన చేతులతోనే అరగదీసుకుంటాడు.