రాజుకు వీపు చూపిన మాచమ్మ

అనగా అనగా, గాలి ఆగిన రోజంటూ ఎరగని ఒక కొండ. దాని పేరు గాలికొండ. దాన్ని ఏలే రాజు పేరు ధవళకేతు మహారాజు.

ఆ కొండవాళ్ళకు గాలిపిట్టలంటే ప్రాణం. గాలిపిట్ట అంటే తేలిక చెక్కతో, పలచని గుడ్డతో చేసిన చిన్న విమానం. ముక్కున గిర్రున తిరిగే పంకా, కడుపులో బ్యాటరీ, తోకకు చుక్కాని. కింద నిలబడిన మనిషి చేతిలో రిమోటు, దాని మీద రెండు పుల్లలు. బొటనవేలితో పుల్లను ఇటు తోస్తే పిట్ట ఇటు, అటు తోస్తే పిట్ట అటు.

రాజుల కాలంలో రిమోట్లెక్కడివని అడుగుతారేమో! కథల్లో కాకులు మాట్లాడుతుంటే నోరు మెదపకుండా విన్నారుగా, ఇదీ అలాగే వినండి.

నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే. వేలు ఇక్కడ కదలడమేమిటి, అంత ఎత్తున మబ్బుల కింద రెక్క వంగడమేమిటి! మధ్యలో దారం లేదు, తీగ లేదు, కంటికి కనిపించేది ఏదీ లేదు. అయినా పిట్ట మాట వింటుంది.

రాజుగారి గద్దె కొండ అంచున ఉండేది. గాలి ఎదురుగా వచ్చి ముఖానికి చల్లగా తగలాలని ఆయన దాన్ని అక్కడ వేయించుకున్నాడు. గద్దె వెనుక లోతైన లోయ. లోయకు అవతల మందులకొండ. గద్దె ముందు పచ్చిక మైదానం. ఆ మైదానంలో ఎవరు నిలబడినా రాజుకేసి, అంటే లోయకేసి చూస్తూ నిలబడాలి. రాజుకు మనిషి వీపు చూపరాదు, పిట్ట తోక చూపరాదు. చూపినవాళ్ళు కొండ దిగి వెళ్ళిపోవాలి, మళ్ళీ ఎక్కడానికి వీల్లేదు.

పండగలు గాలి నెమ్మదించే కాలంలో వచ్చేవి. అప్పుడు పిట్టలు రాజుగారి తల మీదుగా లోయలోకి ఎగిరి, దూరంగా కింది ఇసుకతిన్నెల మీద వాలేవి. సేవకులు వెళ్ళి ఏరుకొచ్చేవారు. ఎగిరిన పిట్టను తిరిగి కొండ మీదికి రప్పించే అలవాటు ఎవరికీ లేదు. ఏరుకొచ్చేవాళ్ళుండగా ఆ తంటా ఎందుకు?

ఇసుకలో పడిన పిట్టలకు ముక్కు విరిగేది, రెక్క చిరిగేది. అవన్నీ మాచమ్మ పాకకు చేరేవి. మాచమ్మ పిట్టలను బాగుచేసే మనిషి. నలభై దాటిన ఆడమనిషి, చేతుల నిండా జిగురు మరకలు. ఒక్కొక్క పిట్టనూ తిప్పి తిప్పి చూసేది, తట్టి చూసేది, ఊది చూసేది. ఆమె నిదానం చూసి జనం ఆమెకు ‘నత్తమాచమ్మ’ అని పేరు పెట్టారు. ఆమె నవ్వి ఊరుకునేది. బాగుచేసిన పిట్టను పాక వెనుక ఒంటరిగా ఎగరేసి, మళ్ళీ తన కాళ్ళ దగ్గరికే రప్పించుకునేది. విరిగితే అతకాల్సింది తానే కదా!

ఒక ఏడు వానలు విరుచుకుపడ్డాయి. లోయ ఏరైంది. ఏరు పొంగి, మందులకొండకు వెళ్ళే వంతెన కొట్టుకుపోయింది. సరిగ్గా అప్పుడే రాజుగారి కూతురు కువలయకు జ్వరం పట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. మూడు రోజులుగా కళ్ళు తెరవలేదు.

రాజవైద్యుడు నాడి చూసి తల దించుకున్నాడు.

“ప్రభూ, దీనికి మందు అవతలి కొండ మీద కోనమ్మ దగ్గరే ఉంది. పొద్దు గుంకేలోగా అది గొంతులో పడితే పిల్ల దక్కుతుంది.”

వంతెన లేదు. పడవ నిలవదు. చుట్టూ తిరిగి వెళ్తే మూడు రోజుల దారి. అప్పుడు రాజుకు గాలిపిట్టలు గుర్తొచ్చాయి. శంఖం ఊదించి, జెండాలతో కోనమ్మకు సంగతి తెలియజేశారు. అవతలి కొండ మీద ఆ వైద్యురాలు తెల్లగుడ్డ రెండుసార్లు ఊపింది. రెండు మోతాదుల మందు ఉందని అర్థం.

ముందుగా సేనాని రణభీముడు వచ్చాడు. ఆయన పిట్ట అందరి పిట్టలకన్నా పెద్దది. దాన్ని పచ్చిక మీద పెట్టి, ముక్కును రాజుకేసి, లోయకేసి తిప్పాడు. ఆ రోజు గాలి వెనుకనుంచి ఈడ్చి కొడుతోంది.

“సేనానిగారూ, గాలికి ఎదురుగా పెట్టి లేపండి. వెనక గాలిలో రెక్కకు పట్టు దొరకదు” అంది మాచమ్మ.

“ఎదురుగా పెడితే ప్రభువులకు తోక చూపినట్టు కాదూ? తెలిసే మాట్లాడుతున్నావా?” అన్నాడు సేనాని.

పిట్ట పరుగెత్తింది, పరుగెత్తింది, లేవనే లేదు. అంచు దాటి, తలకిందులుగా ఏట్లో పడింది. గాలికి రాజెవరో, గద్దె ఎక్కడుందో ఏం తెలుసు?

తరువాత ఆస్థాన విన్నాణి, అంటే కొలువులో పిట్టలెగరేయడంలో నేర్పరి, చిత్రసేనుడు వచ్చాడు. ఇతనికి చెయ్యి తిరిగిన మాట నిజమే. పిట్టను పక్కవాటుగా లేపి, గాలి మీద వదిలాడు. అది రివ్వున లోయ దాటింది. మందులకొండ మీద మెత్తగా వాలింది. జనం కేకలు వేశారు. కోనమ్మ దాని కడుపుకు మందుపొట్లం కట్టి, గాలికి ఎదురుగా నిలబడి విసిరింది. పిట్ట తిరిగి బయల్దేరింది.

సగం లోయ దాటేసరికి ఒక గాలికెరటం కొట్టింది. చిత్రసేనుడి కుడివైపుకు పిట్ట ఒరిగింది. అతను పుల్లను ఎడమకు తోశాడు. పిట్ట ఇంకా కుడికి ఒరిగింది. ఇంకా గట్టిగా ఎడమకు తోశాడు. అది ఇంకా ఒరిగి, సుడి తిరిగి, మందుతో సహా నీళ్ళలో కలిసిపోయింది.

“మాట వినలేదు! పిట్టకు పిచ్చెక్కింది!” అని అతను పచ్చిక మీద కూలబడ్డాడు.

అవతలి కొండ మీద తెల్లగుడ్డ ఒక్కసారే ఊగింది. ఇక మిగిలింది ఒక్క మోతాదు. పొద్దు పడమటి కొండకు నాలుగు బారల ఎత్తున ఉంది.

రాజు ముఖం పాలిపోయింది. “ఇంకెవరూ లేరా?” అన్నాడు. అది రాజు గొంతులా లేదు, తండ్రి గొంతులా ఉంది.

“నేనున్నాను ప్రభూ” అంది మాచమ్మ.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె పాకలోంచి తన పిట్టను తెచ్చింది. పాత గుడ్డ, ఏడు అతుకులు, రంగైనా లేదు.

“తప్పకుండా తెస్తావా?” అని రాజు అడిగాడు.

“గాలికి నేను పూచీ పడలేను ప్రభూ. నా పిట్టకు పడగలను. కాసేపు చూసుకోనివ్వండి.”

ముందు రిమోటు వెలిగించింది. తరువాతే పిట్టను వెలిగించింది. రెండు చూపుడువేళ్ళ మీద రెక్కలను నిలిపి బరువు చూసింది. తోక కిందికి వాలింది. బ్యాటరీని అంగుళం ముందుకు జరిపింది, పిట్ట తక్కెడలా సమంగా నిలిచింది. తరువాత పిట్టను పచ్చిక మీద ఉంచి, రిమోటు పట్టుకుని నలభై అడుగుల దూరం వెళ్ళింది. రాజుకు వీపు చూపరాదు కదా, పాపం, ఆ నలభై అడుగులూ వెనక్కే నడిచింది! అక్కడినుంచి పుల్ల కదిపితే తోక కదలాలి. కదిలింది, కానీ వణికింది.

ఆమె తిరిగి వచ్చి తోకను వేలితో కదిపి చూసింది. చుక్కానిని పట్టి ఉంచే సన్నని చీల అరిగిపోయి ఊగుతోంది.

“పొద్దు దిగిపోతోంది! నత్తలా ఏమిటిది?” అని అరిచాడు కంచుకి. కొలువు మర్యాదలన్నీ కాపాడే పెద్దమనిషి ఆయనే.

“ఈ చీల లోయ మధ్యలో ఊడితే పొద్దు ఎక్కడున్నా ఒకటే అయ్యా” అంది మాచమ్మ. పాత చీల లాగి కొత్తది దిగ్గొట్టింది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. అంతఃపురం కిటికీకేసి ఆమె ఒక్కసారి చూడటం నేను చెప్పకపోతే మీకు తెలియదు.

పిట్టను గాలికి ఎదురుగా పెట్టింది. తోక సూటిగా రాజుకేసి ఉంది.

“తోక! ప్రభువులకు తోక!” అన్నాడు కంచుకి. రాజు పిట్టకేసే చూస్తున్నాడు.

పిట్ట పది అడుగులైనా పరుగెత్తకుండా గాలిని పట్టుకుని లేచింది. గుండ్రంగా తిరిగి రాజుగారి తల మీదుగా లోయకేసి సాగింది. మాచమ్మ దాన్ని పైకి, ఇంకా పైకి పంపింది.

“అంత ఎత్తెందుకు?” అన్నాడు చిత్రసేనుడు.

“ఎత్తుంటే తప్పు చేసినా దిద్దుకునే వ్యవధి ఉంటుంది నాయనా.”

పంకా జోరు తగ్గించింది. పోయేటప్పుడు గాలే మోస్తుంది, బ్యాటరీని వచ్చేటప్పటికి దాచుకోవాలి. పిట్ట ఆవగింజంత అయింది. అవతల వాలింది. జనంలో ఎవరూ కేకలు వేయలేదు. కోనమ్మ ఆఖరి పొట్లం కట్టి విసిరింది.

పిట్ట లేచింది. ఇటు తిరిగింది. వస్తోంది.

అప్పుడు మాచమ్మ మెల్లగా వెనుదిరిగింది. లోయకు వీపు పెట్టింది, గద్దెకు వీపు పెట్టింది, రాజుకు వీపు పెట్టింది. మెడ మాత్రం తిప్పి భుజం మీదుగా పిట్టను చూస్తూ నిలబడింది.

మైదానమంతా బిగుసుకుపోయింది.

“వీపు! వీపు! పట్టుకోండి!” అని కంచుకి కేక పెట్టాడు. ఇద్దరు భటులు ఆమెకేసి పరుగెత్తారు.

“నన్ను తరువాత పంపెయ్యండి. ఇప్పుడు ముట్టుకోకండి” అంది ఆమె, చూపు తిప్పకుండానే.

“ఆగండి!” అన్నాడు రాజు.

ఆయన గద్దె దిగాడు. మైదానం దాటి ఆమె దగ్గరికి వచ్చాడు. “మాచమ్మా, ఎందుకిలా నిలబడ్డావు?” అని అడిగాడు.

“ప్రభూ, మనకు ఎదురుగా వచ్చే పిట్టకు కుడి మన ఎడమ. దాని ఎడమ మన కుడి. ఎదురుగా నిలబడితే చెయ్యి పొరపాటు పడుతుంది. అది చూసే దిక్కుకే నేనూ తిరిగితే దాని కుడి నా కుడే అవుతుంది.”

చిత్రసేనుడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

రాజు కూడా అటే తిరిగాడు. ఆమె భుజం పక్కన భుజం నిలిపి, తన గద్దెకు తానే వీపు పెట్టి, మెడ తిప్పి చూశాడు. ఎన్నో ఏళ్ళుగా పిట్టల ఆట చూసిన మనిషి, మొదటిసారి పిట్ట వచ్చే దారిని చూశాడు. ఆ లోయ ఎంత వెడల్పో, ఆ గాలి ఎంత బరువో, ఆ అతుకుల రెక్కలు దానికెదురుగా ఎలా ఈదుకొస్తున్నాయో చూశాడు. ఆ పిట్ట కడుపున ఉన్నది ఆయన బిడ్డ ప్రాణం.

లోయ మధ్యలో గాలికెరటం కొట్టింది. పిట్ట కుడికి ఒరిగింది. మాచమ్మ బొటనవేలు ఎడమకు గింజంత కదిలింది. పిట్ట సర్దుకుంది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ సర్దుకుంది. మూడోసారి గాలి దాన్ని రాయిలా కిందికి నెట్టింది. కింద నీళ్ళు ఇంకా దూరంగానే ఉన్నాయి. దాచుకున్న బ్యాటరీ అంతా అప్పుడు వాడింది. పంకా హోరుమంది. పిట్ట కొండ అంచును బెత్తెడు ఎత్తున దాటి, ఖాళీ గద్దె మీదుగా వచ్చి, గాలికి ఎదురుగానే మెల్లమెల్లగా దిగి, రాజు పాదాల ముందు పచ్చిక మీద ఆగింది.

అంత జనంలో పంకా ఆగిపోతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

రాజు పొట్లం విప్పుకుని అంతఃపురానికి పరుగెత్తాడు. కిరీటం దారిలో పడిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పొద్దు గుంకే వేళకు కువలయ కళ్ళు తెరిచి, “ఆకలేస్తోంది నాన్నగారూ” అంది. రాజు ఏడ్చాడు. ఏడవడా మరి?

ఆయన తిరిగి మైదానానికి వచ్చేసరికి మాచమ్మ ఇంకా అక్కడే ఉంది. ముందు పిట్టను ఆర్పి, తరువాత రిమోటు ఆర్పి, బ్యాటరీ తీసి పక్కన పెట్టి, రెక్కల మీది తడి తుడుస్తోంది. ఆమె ముందు కంచుకి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ప్రభూ, శాసనం శాసనమే. గద్దెకు వీపు చూపింది. కొండ దిగిపోవాలి కదా?” అన్నాడు ఆయన.

“నేనూ చూపాను గదయ్యా! ఇద్దరం దిగిపోతే ఈ కొండను నువ్వేలుతావా?” అన్నాడు రాజు.

రాజు పచ్చిక మీద మాచమ్మ పక్కన కూర్చుని, గుడ్డ అందుకుని, రెండో రెక్క తుడవడం మొదలుపెట్టాడు.

అందుకే పిల్లలూ, మనకేసి వచ్చేవాళ్ళను క్షేమంగా చేర్చుకోవాలంటే, ముందు వాళ్ళ పక్కన నిలబడి వాళ్ళు చూసే దిక్కుకే మనమూ చూడాలి.