పిండికట్టు విప్పిన చెయ్యి

తిరుమలేశ్ చేసిన పరంజా ఏనుగు తొక్కినా విరగదు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

వయసు మీద పడి గుల్లబారిన ఎముక పగిలితే, ఆ సందులో పెట్టే చిల్లుల ముక్కను వాళ్ల ల్యాబులో పరంజా అంటారు. ఇల్లు కట్టే మేస్త్రీకి పరంజా ఎలాగో, అల్లుకునే కొత్త ఎముకకు అది అలాగ. తిరుమలేశ్ దాన్ని ఒక ముసలి గొర్రె కాలిలో పెట్టించాడు. ముక్క చెక్కుచెదరలేదు. చుట్టూ ఉన్న ఎముకే ఇంకా పలచబడింది. మరింత గట్టిది చేశాడు. ఎముక మరింత పలచబడింది. ఈసారీ తప్పితే పరిశోధన ఆపేస్తామని పైవాళ్లు చెప్పేశారు.

"ఎముకలోనే సత్తువ లేదు మేడమ్. నా ముక్కలో ఏ లోపమూ లేదు," అన్నాడు గురువు అనసూయ గారితో. కిందపడ్డా పైచేయి తనదే అనే రకం.

ఆవిడ భోజనానికి కూర్చున్నారు. మూత బిగిసిన చారు గిన్నె అతని ముందుకు జరిపారు.

"మూత తియ్యి నాయనా. ఎడమ చేత్తో."

స్కూటర్ మీంచి పడి విరిగిన ఆ చేతికి ముందురోజే పిండికట్టు విప్పారు. తిరుమలేశ్ పళ్లు బిగించాడు. మూత కదల్లేదు. కుడిచేతి పక్కన ఆ చెయ్యి ఎండిన మునక్కాడలా ఉంది.

"ఇన్నాళ్లూ దీని బరువెవరు మోశారు?"

"పిండికట్టు మోసింది మేడమ్."

"బాగా మోసిందా?"

"చాలా బాగా..." అంటూనే సన్నబడ్డ తన చెయ్యి వంక చూసుకున్నాడు.

ఆవిడే మూత తీసి, చారు పోసుకుని అన్నం కలుపుకున్నారు.

తిరుమలేశ్ ఆ మధ్యాహ్నమే మళ్లీ మొదలుపెట్టాడు. బరువులో ఎముకకూ వాటా మిగిలేలా కాస్త మెత్తగా, ఒంట్లో మెల్లగా కరిగిపోయేలా కొత్త ముక్క చేశాడు. గొర్రె కాలిలో పెట్టించి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూశాడు.

ఒకరోజు ఎక్స్‌రే పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మొహాన నెత్తురుచుక్క లేదు.

"నా ముక్క జాడే లేదు మేడమ్! ఎముక అల్లుకోకముందే కరిగిపోయినట్టుంది. ఈసారీ తప్పింది."

అనసూయ గారు దాన్ని కిటికీ వెలుగుకి పట్టారు.

"పగులెక్కడ?"

తిరుమలేశ్ వెతికాడు. అదీ కనబడలేదు.

"గొర్రె ఎక్కడ?"

"దొడ్లో లేదు మేడమ్. పొద్దున్నే కంచె దూకి పారిపోయిందట."

ఆ మాట తన చెవిన తనకే పడింది. "కంచె దూకిందట మేడమ్!" అని కారిడార్ అంతా వినబడేలా అరిచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆవిడ నవ్వారు.

"వెళ్లి పట్టుకో నాయనా. నీకు దొరుకుతుందేమో చూద్దాం."