తారా అంటేనే నిప్పు

అగ్గిపెట్టె ఇంకా కొండ మీదికి రాని కాలం. ఏ ముత్తాతల నాటిదో మా తాతలకే తెలియదు. అడ్డు మాటలాడక వినండి.

జీలుగువలసలో సోమారి అనే ఆమె ఉండేది. మశూచి సోకి ఊరంతా అడవికి పారిపోగా, కదలలేనివారికి గంజి కాచి పోస్తూ ఆమె ఊళ్ళోనే నిలిచిపోయినది. ఆమె కొడుకు దొంబురు రాతిని తొలిచి ఊటనీటిని ఊరి నడుమకు తెచ్చాడు. అతని భార్య బుద్రి, కరవు ఏట తన బిడ్డలు ఆకలికి ఏడుస్తున్నా సామ విత్తనాన్ని దంచక, తొలకరికి ఇంటింటికీ పంచినది. వారి కూతురు గుర్బారి. ఈమె అట్టి ఘనకార్యం ఒక్కటీ చేయలేదు. నిప్పును కాచినది. విసుక్కొన్నది.

ముసురు పట్టిందంటే ఊళ్ళో పొయ్యిలన్నీ చల్లారేవి. గుర్బారి పొయ్యి మాత్రం ఆరేది కాదు. మొద్దుకట్టెను బూడిదలో కప్పి, పసిబిడ్డను చూసినట్లు చూసుకొనేది. పిడత పట్టుకొని వచ్చినవారికి కణికలు పెట్టి పంపేది.

ఆ ఊరివారికి తమదైన భాష ఉన్నది. అందులో ఇవ్వడానికి రెండు మాటలు. ఇచ్చినది నీకో నాకో చేరితే ‘తారా’. మరెవరికో పోతే ‘ఈయా’. ‘నిప్పు తారా’ అంటే నాకు ఇమ్మని. ‘నిప్పు ఈయా’ అంటే ఇంకొకరికి ఇమ్మని.

కాలక్రమాన ఊరివారు కింది సంతకు అలవాటుపడ్డారు. చింతపండుతో పాటు తమ మాటను కూడా అక్కడే దించి వచ్చేవారు. సంతలో ‘ఇయ్యి’ అంటే చాలును. నీకా, నాకా, వానికా అన్న విచారణ లేదు. ‘ఇయ్యి’కి ‘ఈయా’ దగ్గరగా వినబడినది. కనుక ‘ఈయా’ మిగిలినది, ‘తారా’ జారిపోయినది. తన మాటకు తన మాటలో బదులు పలికే నోరు తాను పోయేనాటికి ఒక్కటైనా ఉంటుందా అని గుర్బారి దిగులు. ఆ దిగులే కోపమయ్యేది.

ఒకనాటి ముసురులో పొయ్యిలన్నీ ఆరాయి. మొదట మరిది కొడుకు సింగు వచ్చి సంత మాటలో అడిగాడు.

“పెద్దమ్మా, కాసింత నిప్పియ్యే.”

గుర్బారి చెవి దగ్గర చేయి పెట్టుకొన్నది. “ఎవరో సంతవారు వచ్చినట్టుంది. ఉప్పు అమ్ముతావా నాయనా?”

“నేనే పెద్దమ్మా, సింగుని!”

“సింగును నేనెరుగుదును. వాడికి సొంత నోరుంది. నువ్వెవరు?”

సింగు వట్టి పిడతతో పోయాడు.

తరువాత ఊరిపెద్ద వచ్చాడు. సొంత భాషలోనే, మీసం దువ్వి మరీ అడిగాడు: “అప్పా, నిప్పు ఈయా!”

“అట్లాగే తమ్ముడూ,” అన్నది గుర్బారి. కణికలను పిడతలో పోసుకొని, అతని కళ్ళ ముందే వానలో నడిచిపోయి, అతనికి బద్ధవైరి అయిన కొంచాడి ఇంట్లో ఇచ్చి వచ్చినది.

“అడిగింది నేను కదా!” అని పెద్ద మండిపడ్డాడు.

“నీకు కావాలంటే ‘తారా’ అనాలి. ‘ఈయా’ అని వేరొకరికి ఇమ్మన్నావు, ఇచ్చాను. కొంచాడు నిన్ను చల్లగా ఉండమన్నాడు.”

“మాట ఏదైతేనేం, అర్థమైంది కదా!”

“అర్థమైంది గనుకనే ఇచ్చివచ్చాను! ఎన్నాళ్ళు చెప్పను మీకు? నాలుక అరిగిపోతున్నది!”

అర్థమైతే చాలదా అని మీరు కూడా అంటారు. అనకండి.

మూడవసారి సింగు భార్య పైడమ్మ వచ్చినది. కింది ఊరి పిల్ల. ఆ భాష ఒక్క ముక్క రాదు. ఊరిపెద్ద తగవంతా చూరు కింద నిలబడి విన్నది. తగవు ఏ మాట మీదో మాత్రం పట్టుకొన్నది. చీర చెంగులో పురిటిబిడ్డ. గుర్బారి ఆ పాదం తాకి చూసి ఉలిక్కిపడినది.

“నా నోరు పడిపోను! బిడ్డ చల్లబడిందని ఆ మొద్దు సింగు చెప్పడే!”

బిడ్డను పొయ్యి దగ్గరకు చేర్చి, వేడి అరచేతులతో పాదాలు రాసినది. రాసినది, రాసినది, రాసినది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చినది. అప్పుడు గుర్బారి పిడత నిండా కణికలు పోసి, “తీసుకుపో తల్లీ. నిన్ను మాట అడగనులే, నీది కింది ఊరు,” అన్నది.

పైడమ్మ కదలలేదు. “ఊరికే ఒద్దత్తా. అడిగి ఒట్టుకెల్తాను.”

పిడతను గుర్బారి చేతిలోనే తిరిగి పెట్టి, రెండు చేతులూ చాచి అన్నది: “నిప్పు తారా.”

గుర్బారి ముక్కు తుడుచుకొని, “తా దీర్ఘం చాలలేదు. మళ్ళీ అను,” అన్నది.

పైడమ్మ మళ్ళీ అన్నది. ఆ ముసురు వెలిసేదాకా రోజూ వచ్చి అన్నది. ఆ బిడ్డ ఆ పొయ్యి దగ్గరే పెరిగి మాటలు నేర్చినది. కొంచాడి ఇంటికే తన నిప్పు పోతూ ఉంటే ఓర్వలేక, ఊరిపెద్ద సైతం దారికి వచ్చాడు. గుర్బారి పండు ముసలి అయి, ఎవరి ఉచ్చారణనో సరిదిద్దుతూ కన్నుమూసినది.

ఇప్పుడు జీలుగువలసలో ఇంటింటా అగ్గిపెట్టె ఉన్నది. అయినా తొలి ముసురు నాడు ఎవరూ పుల్ల గీయరు. పిడతతో పొరుగింటికి పోయి ‘నిప్పు తారా’ అంటారు. నోరు జారి ‘ఈయా’ అన్నవాని నిప్పు వేరొకరి ఇంటికి ఊరేగుతూ పోతుంది. దీర్ఘం మింగినవానితో “గుర్బారి వింటున్నది” అంటారు.

ఆమె ఇచ్చిపోయినవి చెబుతాను. మేకలు సింగుకు. పొయ్యి, మూతి విరిగిన పిడత పైడమ్మకు. ‘తారా’ అనే మాట, దీర్ఘంతో సహా, ఊరికి.