కొస పలికే అవ్వ

గలిలయ సీమలోని ఒక కొండపల్లెలో, తన గొంతు తప్ప ఇంకెవరి గొంతూ చెవికి ఆనని యెదాయా అనే పాటగాడు ఉండేవాడు.

ఏటా పర్ణశాలల పండుగకు ఆ పల్లెవాళ్లంతా కాలినడకన యెరూషలేముకు వెళ్లేవారు. ఆరు రోజుల దారి. దారి పొడవునా యాత్ర కీర్తనలు పాడుకునేవారు. ముందు నడిచే యెదాయా, "నీ గుమ్మం దాకా నడిపించు దేవా" అని ఎత్తుకునేవాడు. గుంపంతా అందుకునేది. చిట్టచివర నడిచే మనిషి ఒక్కరే "అందరినీ, అందరినీ" అని కొస పలకాలి. ఆ కొస వినబడ్డాకే ముందువాడు రెండో చరణం ఎత్తుకోవాలి. తాతల నాటి పద్ధతి. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ కొస పలికేది హొగ్లా అవ్వ. మేకల్ని అదిలించీ అదిలించీ ఆమె గొంతు బొంగురుపోయింది. పాడితే పాత తలుపు కిర్రుమన్నట్టు ఉండేది. పిల్లలు నవ్వితే తనూ నవ్వేది. యెదాయా మాత్రం నవ్వేవాడు కాడు.

ఆ యేడు అతని సంతోషం ఇంతా అంతా కాదు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు భార్య తిర్సాకు కొడుకు పుట్టాడు. వాణ్ణి తొలిసారి దేవుని మందిరానికి తీసుకువెళ్తున్నారు. పైగా యెరికో దగ్గర పక్క ఊళ్ల యాత్రికులు కలుస్తారాయె, వాళ్ల ముందు తన పాట నిండుగా ఉండాలి. కొండదారి ఎక్కబోయే ముందు అతను అవ్వ దగ్గరికి వెళ్లాడు.

"అవ్వా, ఇవాళ నువ్వు కొస పలకొద్దు. నీ కోసం ఆగితే పాట తెగిపోతోంది."

"దేవుడికి నా గొంతు కొత్తా నాయనా?"

"దేవుడికి అలవాటేమో. నాకింకా కాలేదు."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఈసారి అవ్వ నవ్వలేదు. ముసుగు సర్దుకుని సరేనంది.

ఆ రోజు పాట ఎక్కడా ఆగలేదు. మలుపు మలుపుకీ కొత్త చరణమే. పక్క ఊరివాళ్లు తలలూపారు. యెదాయా కాళ్లు నేల మీద ఆనలేదనుకోండి. ఇంతలో తూర్పుగాలి లేచింది. ఎడారి దుమ్మంతా ఎగిరొచ్చి దారిని కప్పేసింది. పది అడుగుల ముందున్న గాడిద కూడా కనబడలేదు. అయినా పాట సాగుతోంది కదా, అందరూ ఉన్నట్టేనని అతను అనుకున్నాడు.

ఒక పెద్ద బండ చాటున గుంపు ఆగింది. యెదాయా నీళ్ల కోసం తిర్సాను పిలిచాడు. పలకలేదు. గుంపంతా వెతికాడు. తిర్సా లేదు. బిడ్డ లేడు. అవ్వా లేదు. బిడ్డ ఏడుస్తుంటే పాలివ్వడానికి తిర్సా కూర్చుందనీ, అవ్వ తోడుగా ఆగిందనీ ఎవరో చెప్పారు. ఎక్కడని అడిగితే, చాలా వెనక, దుమ్ము లేవకముందే అన్నారు.

ఆ దారికి ఒక పక్క అంతా లోయ. మగవాళ్లు ఒక్కసారిగా కేకలు వేశారు. కేకలు ఎదురుకొండకు తగిలి నాలుగు వైపుల నుంచీ తిరిగొచ్చాయి. ఏది పిలుపో, ఏది జవాబో తెలియలేదు.

ఆ కొస ఎందుకో అతనికి అప్పుడు అర్థమైంది. అది వినబడితే చివరి మనిషి కూడా వస్తున్నట్టు. వినబడకపోతే ముందున్నవాళ్లు ఆగాలన్నట్టు. పెద్దలు పాటలో పెట్టి ఇచ్చిన కాపలాను తన చేత్తో తనే తీసేశాడు.

అందరినీ ఊరుకోమన్నాడు. "నీ గుమ్మం దాకా నడిపించు దేవా" అని ఎత్తుకుని ఆగాడు. గాలి హోరు తప్ప ఏమీ లేదు. మళ్లీ పాడాడు, మళ్లీ ఆగాడు. మూడోసారి పాడితే అందులో రాగం లేదు, ఏడుపే ఉంది.

కింద ఎక్కడో పాత తలుపు కిర్రుమంది.

"అందరినీ, అందరినీ."

ఈ లోకంలో అలాంటి గొంతు ఇంకొకటి లేదు. యెదాయా ఒక చరణం పాడి పది అడుగులు దిగాడు. అవ్వ కొస పలికింది. అటువైపు ఇంకో పది అడుగులు. అలా పాటను పట్టుకుని దిగి చూస్తే, దారి తప్పిన ఆడవాళ్లిద్దరూ లోయ అంచున ఒక రాయిని ఆనుకుని కూర్చుని ఉన్నారు. అవ్వ దుప్పటి కింద బిడ్డ హాయిగా నిద్రపోతున్నాడు.

తిర్సా ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. ఆ తిట్లు అతనికి కీర్తన విన్నంత ఇంపుగా ఉన్నాయి. అవ్వ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"మొదటిసారి పాడినప్పుడే పలకలేకపోయావా అవ్వా?"

"అప్పటిదాకా గొంతు చించుకున్నాం నాయనా. మీ కేకల్లో మా కేక ఎవరు విన్నారు? తర్వాత నువ్వు పాడి ఆగావు. ఆ సందు నాదే." కళ్లు తుడుచుకుని నవ్వింది. "అయినా పలకొద్దన్నావుగా. నిజంగా అడుగుతున్నావో లేదో తేల్చుకోవద్దూ?"

మర్నాటికి దుమ్ము అణిగిపోయింది. ఒలీవల కొండ ఎక్కేసరికి ఎదురుగా యెరూషలేము మెరుస్తూ కనబడింది. బిడ్డను భుజాన వేసుకుని యెదాయా పాట ఎత్తుకున్నాడు. గుంపు అందుకుంది. అతను ఆగాడు. వెనక నుంచి నింపాదిగా, కిర్రుమంటూ కొస వచ్చింది. ఎవరి గొంతయ్యా అది, అని పక్క ఊరివాడొకడు నవ్వాడు.

"మా ఊరిది. అది వినబడిందంటే మేమంతా వచ్చామన్నమాట" అని చెప్పి, యెదాయా రెండో చరణం ఎత్తుకున్నాడు.

కాబట్టి బిడ్డలారా, దేవుని దగ్గరికి నలుగురితో కలిసి నడిచేవాడు అందరికన్నా వెనక ఉన్న గొంతు కోసం ఆగాలి. ఆగని పాట ఎంత తియ్యగా ఉన్నా సగం పాటే.